హేమలత ఏట్లో ఎప్పుడు పడింది?

“ఇయ్యాల గూడా ఈయన నోరు తెరవకపోతే ఏం జేసేది అత్తా? మాటే పడిపోయిందేమో అని నాకు బయంగా ఉండాది. మా మేనమామ గూడా ఇట్టనే. నాలుగు దినాలు గమ్మున ఉండె. అయిదో దినం కాలూ చెయ్యీ లేవలే.”

“మీ మేనమామ కాలూ చెయ్యీ తెచ్చి నా కొడుక్కి తగిలించొద్దు. పది గావస్తా ఉండాది, టీవీ పెట్టు,” అంది మా అత్త గోవిందమ్మ.

నేను టీవీ పెట్టలేదు. వెనక వసారా వైపు చూశాను.

మా ఆయన చెక్క కుర్చీలో పొద్దున ఏడింటికి ఎలా కూర్చున్నారో అలాగే ఉన్నారు. పక్కన కాఫీ గ్లాసు, మీద మీగడ కట్టి ఉంది. వాన జల్లు పంచె అంచును తడుపుతున్నా కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

బుధవారం నాడు కోడంబాక్కం డబ్బింగ్ థియేటర్ నుంచి వచ్చి చెప్పులు విడిచారు. అప్పటినుంచి ఈ ఆదివారం దాకా ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట లేదు. పెడితే తింటారు. పెట్టకపోతే అడగరు. సాయంత్రం కాగానే గొడుగు కూడా లేకుండా హార్బరు వైపు వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేదాకా నా ప్రాణం గడపలో ఉంటుంది. మద్రాసు రాయపురంలో సముద్రం ఎంత దూరం? మనసు విరిగిన మనిషికి నాలుగు వీధులు.

“అమ్మా, నువ్వు అట్ట చూస్తా ఉంటే అప్పాకే బయం పట్టుకుంటాది. సుమ్మా గమ్మున ఉండు,” అంటూ మా ఆశ లేచి టీవీ పెట్టింది. కాలేజీలో రెండో సంవత్సరం. నోట్లో సగం అరవం, సగం తెలుగు.

‘రత్నగిరి కోట’ పాట మొదలైంది.

మిగతా ఇళ్ళలో దాన్ని చూస్తారు. మా ఇంట్లో వింటాం. బొంబాయి వాళ్ళు హిందీలో తీసిన ఆ రాజుల సీరియల్‌కు తెలుగు మాటలు మా ఆయనవి. మింట్ వీధి ప్రెస్సు మూతపడేదాకా ఇరవై రెండేళ్ళు తెలుగు ప్రూఫులు దిద్దిన మనిషి ఆయన. అచ్చుతప్పు కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టేవారు. ప్రెస్సు పోయాక రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నారు. తరువాత ఈ పని దొరికింది. తెరమీద పెదవులు ఎన్నిసార్లు కదిలితే అన్ని అక్షరాలు పడేలా, బల్లమీద వేళ్ళతో తాళం వేసుకుంటూ రాసేవారు. ఆ చప్పుడు వింటే నాకు నిశ్చింతగా ఉండేది. నాలుగు దినాలుగా ఆ చప్పుడూ లేదు.

టీవీలో పడవవాడి కూతురు నీల రాజసభలోకి వచ్చి నిలబడింది. అచ్చం మహారాణి ముఖమే. సభలో మూడువందల మంది ఉన్నారు. ఒక్కరికీ ఆ పోలిక కనపడలేదు.

“వీళ్ళందరికీ కళ్ళు లేవా ఏంది?” అంది అత్త.

“రాజు మీసం తీసేస్తేనే సొంత పెండ్లాం గుర్తుపట్టలే అవ్వా. దీన్ని ఎట్ట గుర్తుపడతారు?” అంది ఆశ. “పన్నెండేండ్లు చెరసాలలో ఉండె గదా మహారాణి, తల్లో మల్లెపూలు వాడినాయా? అది చూసినప్పుడు నువ్వేమీ అడగలే.”

“పూలు పోతే పోనీ. నాకు హేమలత సంగతి చెప్పు.”

నేను గబగబా వెళ్ళి టీవీ సౌండు తగ్గించాను. ఆ మాట ఎత్తకూడదని నిన్న రాత్రే అత్తకు చెప్పాను. ఆమెకు సౌండు తగ్గితే గొంతు పెరుగుతుంది.

“హేమలత అసలు ఏట్లో ఎప్పుడు పడింది? నేను ఒక్క వారం గూడా తప్పలేదే! మహారాణి తన బిడ్డను గదా పెట్టెలో పెట్టి ఏట్లో వదిలింది? పురిటి బిడ్డను! ఆ బిడ్డే గదా ఈ నీల? మరి మధ్యలో రాజు చెల్లెలు వచ్చి, నన్ను పడవోళ్ళు కాపాడినారు, నాకు పాత సంగతులు గుర్తు లేవు అంటాదే! ఈమె ఎప్పుడు మునిగింది, ఎందుకు మునిగింది? ఆ ఏట్లో ఎంతమంది పడతారే?”

వసారాలో కుర్చీ కిర్రుమంది. ఆయన లేవలేదు. కొంచెం అటు తిరిగి కూర్చున్నారు, అంతే.

నీల మహారాణి పాదాలు తాకింది. మెరుపు మెరిసింది. పాట వచ్చింది, పేర్లు పడ్డాయి.

మా అత్తకు ఒక అలవాటు. ‘తెలుగు మాటలు: గోపాలస్వామి’ అని పడేసరికి టీవీకి చేతులు జోడిస్తుంది. ఈరోజు కూడా ముందే జోడించి కూర్చుంది. కుట్టుపని వాళ్ళ పేర్లు వచ్చాయి, గుర్రాలు ఇచ్చినవాళ్ళ పేర్లు వచ్చాయి. సబ్బు అడ్వర్టైజ్‌మెంటు వచ్చింది.

అత్త చేతులు అలాగే ఉన్నాయి.

“పేరు యాడ?” అంది.

ఆశ నా ముఖం చూసింది. నేను నేల చూశాను.

*

వరదయ్యగారు వచ్చేటప్పటికి పదకొండు దాటింది. డబ్బింగ్ కంపెనీ మేనేజరు. గుంటూరు వైపు మనిషి, మద్రాసు వచ్చి అయిదారేళ్ళయింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అత్తతో సరదాగా మాట్లాడేవాడు. ఈరోజు గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, తడిసిన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, దానిలోంచి ఒక కాగితం తీశాడు. తను తడిసినా కాగితం తడవలేదు.

“గోపాలస్వామిగారూ, ఎన్ని రోజులు కూర్చున్నా ఇదే కదండీ. ఒక్క సంతకం. రేపు పదింటికి థియేటరు బుక్ అయింది.”

ఆయన తల ఎత్తి వరదయ్యను చూశారు. మళ్ళీ వానను చూశారు.

“ఏం కాగితం అది?” అంది అత్త. “నా కొడుకు పేరు ఎందుకు తీసేసినారు?”

వరదయ్య నా వైపు చూశాడు. “ఇంట్లో చెప్పలేదా అక్కయ్యా?”

“చెప్పడానికి ఆయన నోరు తెరిస్తే గదా,” అన్నాను.

వరదయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

“నలభై ఒకటో భాగంలో మహారాణి మంత్రితో ఒక మాట అంటుందండీ. ‘నా ఆడబిడ్డను నా చేతులతోనే ఏట్లో వదిలేశాను’ అని. తెరమీద పెట్టె చూపించరు, పసిపిల్లను చూపించరు. చీకట్లో ఆవిడ ముఖం ఒక్కటే. అవునా?”

“అవును. పాపం, ఎంత ఏడ్చిందో,” అంది అత్త.

“మీకు ఏమని అర్థమైందండీ?”

“ఏమని ఏంది? ఆడబిడ్డ పుట్టింది. బావగారు చంపేస్తాడని బయపడి ఏట్లో వదిలింది. ఆడబిడ్డ అంటే ఆడబిడ్డే.”

“మా వైపు ఆడబిడ్డంటే మొగుడి తోబుట్టువండీ!” అన్నాడు వరదయ్య. “గుంటూరులో, బెజవాడలో, ఏలూరులో, ఎక్కడ అడిగినా అంతే. పెళ్ళయిన ఆడది ‘నా ఆడబిడ్డ’ అన్నదంటే ఇంకో అర్థమే లేదు. రాజుగారి చెల్లెలు హేమలత ఆ తరువాత ఆరు వారాలు తెరమీద లేదు. మహారాణి ఆ పిల్లను ముంచి చంపేసిందని ఆంధ్రా అంతా అనుకున్నారు. ఏడో వారం హేమలత నవ్వుకుంటూ వచ్చింది. మహారాణి ఎదురెళ్ళి ద్రాక్షపళ్ళు తినిపించింది. ఇక చూడండి, పోస్టు కార్డులు! గోనెసంచి నిండా!”

అత్త వెతుకుతున్న హేమలత ఆమెకు దొరికింది. కానీ సంతోషం లేదు.

“అందుకని ఏట్లోంచి తేల్చాల్సి వచ్చింది,” అన్నాడు వరదయ్య. “హేమలత వెనక్కి తిరిగి, పెదవులు కనపడని షాటులో ఒక మాట ఇరికించాం. పడవవాళ్ళు కాపాడారని, గతం మరిచిపోయిందని. దానితో సరిపోతుందనుకున్నాం. ఇప్పుడు అసలు కూతురు వచ్చి నిలబడింది. ఈవిడనూ అదే పడవవాడు, అదే ఏట్లో తీశాడు. ఒక వారపత్రికవాడు కార్టూను కూడా వేశాడు. అది ఎవరో బొంబాయికి చేరవేశారు. వాళ్ళు పేరు తీయించి, ఈ కాగితం రాయించుకోమన్నారు.”

“ఇరికించమని చెప్పింది ఎవరు సార్?” అంది ఆశ.

వరదయ్య చేతిలోని కాగితం మడత విప్పాడు.

“అప్పా సొంతంగా ఒక్క మాట గూడా కలపరు. మీరే గదా, ఏదో ఒకటి రాసి సర్దేయండి అని ఈడికి వచ్చి చెప్పినారు? ఆ దినం నేనే గదా మీకు టీ ఇచ్చినా?”

“నేను నోటితో చెప్పానమ్మా,” అన్నాడు వరదయ్య. గొంతు తగ్గించాడు. “కాగితం మీద ఉన్నది ఆయన పేరు.”

తరువాత తను తెచ్చిన కాగితం చదివాడు. మా ఆయనే రాసినట్టుగా నాలుగు వరుసలు. నేను మద్రాసులోనే పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మాట్లాడేది సరైన తెలుగు కాదు. తెలియనితనం వల్ల తప్పు మాట రాశాను. ఇకమీదట కంపెనీవారు నియమించే తెలుగు తెలిసిన వ్యక్తి నా రాతను దిద్దడానికి ఒప్పుకుంటున్నాను.

కింద సంతకానికి చోటు.

ఇరవై రెండేళ్ళు ఊరందరి తెలుగు దిద్దిన మనిషి చేతిలో పెట్టడానికి ఆ కాగితం.

“సంతకం పెడితే మిగతా ముప్పై భాగాలూ ఆయనే రాస్తారు. పెట్టకపోతే రేపు పదింటికి రాజమండ్రి నుంచి వచ్చిన కుర్రాడు ఆ కుర్చీలో కూర్చుంటాడు. నా చేతిలో ఏం లేదక్కయ్యా. మీరైనా చెప్పండి.” వరదయ్య కాగితాన్ని ఆయన పక్కన, చల్లారిన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. గొడుగు తీసుకుని, అత్తకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. అత్త తిరిగి దండం పెట్టలేదు.

*

“మన తెలుగు తెలుగు గాదంటనా?” అంది అత్త.

వరదయ్య వెళ్ళిన గుమ్మం వైపు చెయ్యి చాపింది.

“మా తాత ఈ రాయపురంలో తెలుగులోనే పుట్నాలు అమ్మినాడు. తెలుగులోనే ఏడ్చినాడు, తెలుగులోనే సచ్చినాడు. నిన్న మొన్న రైలు దిగినోడు వచ్చి, అది తెలుగు గాదు అంటే నేను ఒప్పుకునేదా? రే గోపాలూ, సంతకం పెట్టినావంటే నేను పచ్చినీళ్ళు ముట్టను.”

“అట్ట అనొద్దు అత్తా!” అన్నాను. “పెట్టకపోతే? మళ్ళా ఖాళీగా కూర్చుంటారు. ఆ రెండేండ్లు ఎట్ట ఉండారో మీకు గుర్తు లేదా? గడ్డం పెంచుకోని, గోడ చూసుకోని! ఇప్పుడు సాయంత్రమైతే సముద్రం కాడికి పోతా ఉండారు. రాళ్ళమింద నిలబడతారంట, చేపలమ్మే కాళియమ్మ చూసి చెప్పింది. జారుడు రాళ్ళు అవి. ఒక తూరి కాలు...”

“అమ్మా!” అంది ఆశ.

“నేను చెప్పేది చెప్తా. నాలుగు వరసలు గదా? పెట్టేయండి. ఎవురు చూడబోతారు? పేరు పోతే పోనీ, మనిషి మిగిలితే చాలు నాకు.”

“అప్పా, పోడాదీంగ,” అంది ఆశ. పెట్టొద్దని. ముఖ్యమైన మాట ఏదైనా దానికి అరవంలోనే వస్తుంది. “ఆ మాట రాసిచ్చేసినారంటే మీరు ఇంట్లో గూడా మళ్ళా తెలుగు మాట్లాడరు. నాకు తెలుసు. నాకు ఉండేదే సగం తెలుగు. అది గూడా మీరు నేర్పించిందే.”

“నువ్వు ఊరుకో. నీకేం తెలుసు?”

“నాకు తెలియకపోతే నీకు తెలుసా? ఎప్పుడు చూసినా సచ్చిపోతారు, పడిపోతారు అంటావు. ఆ తప్పు ఏందో, ఎట్ట వచ్చిందో ఒక్కసారైనా అడిగినావా?”

నేను అడగలేదు. అడగాల్సిన పని నాకు లేదు.

అత్త గోడకు తిరిగి పడుకుంది. ఆశ పుస్తకం తీసింది, పేజీ తిప్పలేదు. పొయ్యిమీద అన్నం ఉడుకుతున్న చప్పుడు, పెంకుల మీద వాన చప్పుడు. మధ్యాహ్నం పన్నెండింటికే ఇల్లంతా చీకటి కమ్మింది. లైటు వేద్దామంటే ఎవరి ముఖం ఎవరికి కనపడుతుందోనని వేయలేదు.

ఇలాంటి మౌనంలో ఏ చెడ్డ మాటైనా పుట్టొచ్చు. అది పుట్టకముందే నేను నా మాట చెప్పేయాలని లేచాను.

*

వసారాలో ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. కాగితం గ్లాసు కింద అలాగే ఉంది. నీళ్ళ చుక్క పడి ‘తెలియనితనం’ అన్నచోట సిరా కొంచెం చెదిరింది.

“ఇట్ట చూడండి,” అన్నాను. చూడలేదు.

“ఆ మాట మీరు రాయలే.”

ఆయన వాననే చూస్తున్నారు. లోపల ఆశ పుస్తకం మూసిన చప్పుడు వినపడింది.

ఆయన రాత గొలుసుకట్టు. గొంతు ఇచ్చేవాళ్ళు మైకు ముందు తడబడకుండా ఉండాలని, ఆయన రాసినదంతా పెద్ద పెద్ద అక్షరాల్లో నేనే తిరగరాస్తాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. కానీ నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. వరదయ్య కూడా మెచ్చుకున్నాడు. వంట అయ్యాక, గిన్నెలు తోమాక, చెయ్యి తుడుచుకుని కూర్చుని రాస్తాను. ఈ ఇంట్లో నేను భయం లేకుండా చేసే పని అది ఒక్కటే.

“మీరు రాసింది ‘నా ఆడపిల్లను’ అని. నేను మార్చినా.”

నేలమీద పడిన జల్లును కొంగుతో తుడిచాను.

“కావాలనే మార్చినా. తెలియక గాదు. అది రాస్తా ఉంటే నాకు ఆశ పుట్టినప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఆయమ్మ బయటికి వచ్చి, ఆడబిడ్డ అని చెప్పిందే, ఆ మాట. ఆడపిల్ల అంటే ఎవరింటి పిల్లో అన్నట్టు ఉండె. కన్నతల్లి గదా, ఏట్లో వదిలేసి వచ్చి ఏడుస్తా ఉండాది గదా, బిడ్డ అనకుండా పిల్ల అంటాదా అనిపించింది. అక్షరాలు గూడా లెక్కబెట్టినా. మీరు కొట్టినట్టే బల్లమింద వేలితో కొట్టి చూసినా. సరిపోయినాయి. అందుకని మార్చినా.”

ఆయన కదలలేదు.

“ఆ వారం మీకు కంట్లో మందు వేసినారు. మసకగా ఉండాది అంటిరి. చదవకుండానే కవర్లో పెట్టి తీసుకుపోయినారని నాకు తెలుసు. వరదయ్య వచ్చి సర్దమన్న దినమే తప్పు యాడ ఉండాదో నాకు తెలిసిపోయె. బుధవారం నుంచి చెప్దాం చెప్దాం అనుకుంటానే ఉండా. చెప్తే నన్ను ఏమంటారో అని బయం. చెప్పకపోతే మిమ్మల్ని ఏమైపోనిస్తానో అని బయం. రేపు నేను వస్తా మీతో. ఆ బొంబాయి వాళ్ళకు నేనే రాసిస్తా. ఎనిమిదో క్లాసు చదివిన ఆడది చేసిన తప్పు అని రాసిస్తా. మీకు తెలుగు రాదని మీరు ఎందుకు రాయాల? నాకు రాదని నేను రాస్తా. మీరు నన్ను తిట్టండి. కొట్టినా పరవాలే. ఒక మాట అనండి.”

వాన కొంచెం తగ్గింది. వీధిలో ఐసు లారీ ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళింది. తలుపు దగ్గరకు ఆశ వచ్చి నిలబడింది. దాని వెనక అత్త. ఇద్దరూ గడప దాటి రాలేదు.

నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. పంచె తడిసి చల్లగా ఉంది. నా కంటికి ఆయన ఛాతీ కదులుతున్నట్టు కూడా కనపడలేదు. ఊపిరి తీస్తున్నారో లేదోనని వంగి చూశాను.

లోపల అన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ వెళ్ళి దించలేదు.

ఆయన గ్లాసు పక్కకు జరిపి కాగితం చేతిలోకి తీసుకున్నారు. కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. పై వరుస నుంచి కింది వరుస దాకా, ప్రూఫు చూసినట్టు, వేలు పెట్టి చదివారు. పెన్ను అడుగుతారనుకున్నాను.

“నువ్వు మార్చింది నేను చూసినా, మంగా.”

నాలుగు దినాలు వాడని గొంతు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు వచ్చింది.

“బస్సులో చూసినా. కంటికి దగ్గరగా పెట్టుకోని రెండు తూర్లు చదివినా. నా మాట కంటే నీ మాటే బాగుండాది అని అట్టనే ఇచ్చేసినా.” కాగితం నా వైపు తిప్పారు. “ఈ నాలుగు దినాలు కూర్చోని మనసులో నీ మాటే చదువుకుంటా ఉండా. ఎన్ని తూర్లు చదివినా అందులో నాకు తప్పు కనపడలే. ఇప్పుడు గూడా కనపడలే. కనపడని తప్పుకు నేను ఏమని సంతకం పెట్టేది?”